పే గ్రేడ్ గోల

ఒరేయ్ మామా,

ట్రాన్స్‌ఫర్ అడిగితే మీ మేనేజర్ "అది నా పే గ్రేడ్ దాటిన విషయం" అన్నాడని చెప్పి, పాపం ఆయనకి జీతం చాలడం లేదేమో అని జాలిపడ్డావు చూడు, రెండ్రోజులు నవ్వుకున్నాను. నవ్వే హక్కు నాకూ లేదులే. కొత్తలో మా టీమ్ లీడ్ ఇదే మాటంటే "ఇంక్రిమెంట్ రాలేదా సార్?" అని ఓదార్పుగా అడిగాను.

డబ్బు సంగతి కాదురా అది. ఆ నిర్ణయం తీసుకునేంత పెద్దవాణ్ణి కాదు అని. మనమైతే "నా చేతిలో లేదు", "పైవాళ్ళు తేల్చాలి" అంటాం, జీతం ఊసే ఎత్తం.

అమెరికా సైన్యంలో మాత్రం పే గ్రేడ్ ఉత్తి మాట కాదు. అక్కడ ఆఫీసర్ల గ్రేడ్‌కి ముందు 'ఓ' ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ హోదా పెద్దది. ఆర్మీ కెప్టెన్‌ది ఓ-3, నేవీ కెప్టెన్‌ది ఓ-6, అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం. పిలుపు ఒకటే, మధ్యలో మూడు మెట్ల తేడా. హోదా పేరు విని ఎవరు పెద్దో తేల్చలేం, గ్రేడ్ చూడాల్సిందే. మన కేంద్ర ప్రభుత్వంలో ఏడో వేతన సంఘం వచ్చాక, 2016 జనవరి నుంచి గ్రేడ్ పే (హోదాని బట్టి జీతానికి కలిపే మొత్తం) పోయి లెవెల్స్ వచ్చాయి. లెవెల్ 1 మూలవేతనం 18,000తో మొదలు, లెవెల్ 18లో కేబినెట్ సెక్రటరీకి 2,50,000. మధ్యలో 13ఏ అని ఒకటి ఇరికించారు, ఎక్స్‌ట్రా బెర్తులాగా.

కానీ అధికారం ఈ పట్టిక ప్రకారమే నడుస్తుందంటే నేను నమ్మను. నాన్న పెన్షన్ కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు గారు చదివి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి పంపేశారు. రెండు నిమిషాల పని. బయట డిస్పాచ్ గుమాస్తా గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "నంబరేసి స్టాంపు కొట్టాలి. ప్యాడ్ ఎండిపోయింది" అన్నారు. నా బాటిల్ మూత తీసి ప్యాడ్ మీద రెండు చుక్కలు వేశాను. ఆయన ఒకసారి పాత పేపరు మీద గుద్ది చూశారు. గుండ్రటి ముద్ర చక్కగా పడింది. దాన్నే కాసేపు చూసి, "రేపు రండి" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఆ పూట ఆఫీసులో అందరికన్నా పెద్ద లెవెల్ ఆయనదే.

ఇంట్లో నేనూ ఈ మాట మరిగాను. పాప బడి ఎగ్గొడతానంటే "నా పే గ్రేడ్ కాదమ్మా, అమ్మనడుగు" అంటున్నాను. మా ఆవిడ మాత్రం "చెత్త బయట పెట్టడం నీ గ్రేడేగా" అంటుంది.

మీ మేనేజర్ నిజంగా తన చేతిలో లేక అన్నాడో, తప్పించుకోవడానికి అన్నాడో నాకు అనుమానమేరా. నిజంగా చేతిలో లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్తాడు. సోమవారం వెళ్ళి "మరి ఎవరి పే గ్రేడ్ సార్?" అని మెత్తగా అడుగు. ఏమన్నాడో వెంటనే రాయి.

నీ,
నవ్వు ఆపుకోలేని వాడు