పాత బల్లకు అరువు వయసు

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం, అందులో పెట్టిన ఫోటోలు అందాయి. మీ తాతగారి ఆకుపచ్చ సొరుగుల బల్లకు తెల్ల రంగు వేసి, అక్కడక్కడా చెరిపి, వందేళ్ల నాటిదిలా కనిపించేట్టు చేస్తానన్నావు. అది ఇప్పటికే అరవై ఏళ్లదని నువ్వే రాశావు కదరా! ఉన్న వయసు చాలక ఇంకో నలభై అరువు తెస్తానంటున్నావన్నమాట. నవ్వుకున్నానే గానీ నిన్ను ఆపను. ఆ పిచ్చి నాకు నీకంటే ముందే పట్టింది.

నా మొదటి కుర్చీ సంగతి నీకు చెప్పలేదు, సిగ్గుపడి. రంగు ఆరీ ఆరగానే ఉప్పు కాగితం పట్టుకుని కూర్చున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, మూడు గంటలు ఆపకుండా రుద్దాను. చేతులు, వీపు, కాళ్లు, దేనికీ అన్యాయం జరగకుండా అంతటా సమానంగా. తీరా చూస్తే అది పాత కుర్చీలా లేదు, చర్మరోగం వచ్చిన కుర్చీలా ఉంది. మా అక్క వచ్చి, "దీన్ని కుక్క గీరిందా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

ఎక్కడ తప్పు చేశానో చాలా రోజులకు గానీ తెలియలేదు. ఇంట్లో నిజంగానే పాతబడిన స్టూలు ఒకటుంది. దాన్ని కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. కూర్చునే పలక ముందంచు నున్నగా గుండ్రమైంది, వెనకంచు ఇంకా పదునుగానే ఉంది. కాళ్లు ఆనించుకునే అడ్డకర్ర మీద రంగు పోవడమే కాదు, చెక్క కూడా వేలు పట్టేంత పల్లం పడింది. అదీ ఎడమ పక్క కంటే కుడి పక్కే ఎక్కువ. పైకెత్తడానికి వేళ్లు దూర్చే చోట, పలక అడుగున, నల్లటి జిడ్డు మెరుపు. ఇక కాళ్ల లోపలి వైపు చూస్తే రంగు నిన్న మొన్న వేసినట్టుంది. అక్కడికి ఎవరి చెయ్యీ పోదు, ఎవరి కాలూ తగలదు.

అప్పటినుంచి ఏ వస్తువు ముందు కూర్చున్నా, ముందు దాన్ని వాడుకున్న మనుషులను ఊహించుకుంటాను. నీ బల్లనే తీసుకో. మీ ఇంట్లో పై సొరుగే కదా రోజుకు పదిసార్లు లాగేది? దాని పిడి చుట్టూ బొటనవేలు ఒరిసే చోట రంగు బాగా పోవాలి. నడిమి సొరుగుకు అందులో సగం చాలు. అన్నిటికంటే కిందిదానికి పిడి దగ్గర దాదాపు ఏమీ వద్దు, కానీ దాని కింద పట్టీకి చీపురు దెబ్బలూ, కాలి దెబ్బలూ ఉంటాయి. పైపలక ముందంచున మోచేతులు ఆనే చోట కూడా కాస్త రంగు పోవాలి. పక్క పలకల నడుమ మాత్రం చెయ్యి పెట్టకు. సుత్తితో గొట్టి, గొలుసుతో బాది సొట్టలు పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. వయసు వేరు, దెబ్బలు తినడం వేరు.

అయితే నీ బల్ల విషయంలో నన్ను భయపెట్టింది ఆ ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. అరవై ఏళ్ల కిందటి పూత అంటే అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా రుద్దావంటే ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది, నేల మీద పడి పిల్లల చేతులకు, నోటికి అంటుతుంది. పిల్లల మెదడుకు సీసం చేసే చేటు మళ్లీ బాగుపడేది కాదు. ఇంత సీసం వరకు ఫరవాలేదు అనే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. అందుకని ఆ పచ్చరంగు జోలికి ఉప్పు కాగితంతో పోనే పోకు. పెచ్చులు లేస్తుంటే పని అక్కడితో ఆపి నాకు రాయి. గట్టిగా అంటుకుని ఉంటే మాత్రం దాన్ని అలాగే ఉంచి వాడుకుందాం. తెలుపు కింది నుంచి పచ్చ తొంగిచూస్తే ఎంత బాగుంటుందో! నేను అడుగు పూత పనిగట్టుకుని వేసుకుంటాను, నీకు అది తాతగారే వేసి పెట్టారు.

చేయవలసింది ఇది. సబ్బునీళ్లతో జిడ్డంతా పోయేలా తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. తర్వాత మామూలు తెల్ల కొవ్వొత్తి తీసుకుని, ఇందాక చెప్పిన చోట్ల, అక్కడ మాత్రమే, రుద్దు. మైనం ఉన్నచోట రంగు పట్టదు, అదే మన కిటుకు. ఆ పైన చాక్ పెయింట్, అంటే సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు, వెయ్యి. దొరకకపోతే మూడు పాళ్లు తెల్ల ఎమల్షన్‌కు ఒక పాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఒక పాలు నీళ్లు. ముందు పొడిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాతే రంగులో పొయ్యి. గిన్నెలోనే గడ్డకట్టే సరుకు కాబట్టి ఆ పూటకు సరిపడేంతే కలుపు. రెండు పలుచని పూతలు చాలు. రెండోది ఆరిన గంటా రెండు గంటల్లో, ఇంకా గట్టిపడక ముందే, తడిగుడ్డతో ఆ మైనం చోట్ల నెమ్మదిగా రుద్దు. తెలుపు లేచిపోయి పచ్చ బయటపడుతుంది. దుమ్ము రేగదు, పచ్చపూత అరగదు. గుడ్డ మీద పచ్చ మరక కనబడిందా, వెంటనే చెయ్యి తీసెయ్.

రాత్రి దీపం కింద ఈ పని చేయకు. ఇంకొంచెం, ఇంకొంచెం అనిపిస్తుంది. ఐదు నిమిషాలు రుద్ది, పది అడుగులు వెనక్కి పోయి చూడు. పోయిన రంగును మళ్లీ వేయవచ్చు గానీ, ఆ అతుకు తెలిసిపోతుంది.

ఒక రోజు ఆగి పారదర్శకమైన మైనం పాలిష్ పట్టించి, గుడ్డతో మెరుగు పెట్టు. మూలల్లోనూ, చెక్కుడు గీతల్లోనూ మాత్రం కాస్త గోధుమరంగు మైనం కుక్కి, పైది తుడిచెయ్. ఏళ్ల తరబడి పేరుకున్న మురికిలా కూర్చుంటుంది. ముట్టుకుంటే ఆరినట్టుంటుంది గానీ, పూత లోపలిదాకా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా దాని మీద టీవీ పెట్టకు. మైనం బదులు అవిసె నూనె వాడమని ఎవరైనా చెబితే, ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకు. గాలి తగిలి లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా బయట పరిచి ఆరబెట్టాలి.

ఇంకొకటి. నీ మూడో ఫోటోలో, కింది సొరుగు ఎడమ మూలన, గుండుసూది తలంత చిల్లులు కొన్ని కనిపించాయి. వాటి కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు కదపకుండా ఉంచు. పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది, రంగు డబ్బా మూత తెరవకు, ముందు దాని సంగతి చూద్దాం. ఏమీ రాలకపోతే మాత్రం ఆ చిల్లులను లప్పంతో పూడ్చావో, చంపేస్తాను. ఇక్కడ నేను దబ్బనంతో ఎన్ని పొడిచినా అలాంటి చిల్లు ఒక్కటి కూడా కుదరడం లేదు.

నీ
మురళి