ఆ నోటుబుక్కు దాచుకునే చోటు

సంపాదకులకు,

నేను రిటైరైన తెలుగు టీచర్ని. ఆదివారాలు సికింద్రాబాద్‌లోని ఇల్లులేనివాళ్లు రాత్రి తలదాచుకునే ఒక నైట్ షెల్టర్‌కి వెళ్లి అక్కడివాళ్లతో ఏదో ఒకటి రాయిస్తుంటాను. మొదట్లో అందరూ అర్జీలే రాశారు, పాపం! "మీ ఊరి చెరువు గురించి రాయండి" అన్నాకే కథలు మొదలయ్యాయి. పాలమూరు మేస్త్రీ ఒకాయన నాలుగు పేజీలు రాశాడు. ఆ నోటుబుక్కుని పాలకవర్లో చుట్టి, నడుముకు కట్టుకుని తిరుగుతాడు. దాచుకోడానికి చోటేదీ? లైబ్రరీ కార్డు అడిగితే అడ్రస్ ప్రూఫ్ తెమ్మన్నారట.

లక్ష జనాభాకు కనీసం 100 మందికి షెల్టర్ ఉండాలని కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద నిబంధన పెట్టింది. ఆ లెక్క ఎప్పటికి తేలుతుందో గానీ, ముందు ఉన్నవాటిలో తాళం పడే అరలు పెట్టించండి. రాత్రి తొమ్మిది దాటాక ఒక్క ట్యూబ్‌లైటైనా వెలగనివ్వండి. మేస్త్రీ చెరువు కథ ఇంకా సగంలోనే ఉంది.

– ఒక రిటైర్డ్ టీచర్, సికింద్రాబాద్