క్యాన్సిల్ మీరే కొట్టమంటే కొట్టకండి

ఎడిటర్ గారికి,

అరకులో చలి మొదలైంది, జనం హోమ్‌స్టేల కోసం ఎగబడుతున్నారు కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను.

పోయిన డిసెంబరు ట్రిప్పుకి అక్టోబరులోనే ఒక యాప్‌లో ఇల్లు బుక్ చేశాను. రెండు గదులు, రెండు రాత్రులు, 9,600 రూపాయలు ముందే కట్టేశాం. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అద్దాల బోగీకి టికెట్లు కూడా తీశాం, మా అత్తగారికి ఆ సొరంగాలు చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఇంకో రెండు రోజుల్లో బయల్దేరాలనగా రాత్రి తొమ్మిదింటికి ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. "సార్, బోరు మోటార్ కాలిపోయింది, చుక్క నీళ్లు లేవు. యాప్‌లో మీరే క్యాన్సిల్ కొట్టేయండి, డబ్బులు మొత్తం వచ్చేస్తాయి." పాపం అనిపించి కొట్టేశాను. కారణం అడిగితే ‘ప్లాన్ మారింది’ అన్నది నొక్కాను. వెనక్కి వచ్చింది 4,800.

మర్నాడు వేరే ఇల్లు వెతుకుతుంటే అదే ఇల్లు, అదే వరండా, అదే ఎర్ర ఉయ్యాల, రాత్రికి 8,500 అని కనిపించింది. మోటార్ తెల్లారేసరికి బాగైపోయినట్టుంది!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రద్దు చేసింది మీరే కదా సార్" అన్నారు. వాళ్ల రికార్డులో అంతే ఉంది మరి, ఆయన చెప్పిందంతా ఫోన్లో, చాట్‌లో ఒక్క ముక్క లేదు.

అసలు కిటుకు ఇదీ. అతిథి రద్దు చేస్తే అతిథి షరతులు వర్తిస్తాయి, చెక్-ఇన్ దగ్గరపడిన కొద్దీ మన డబ్బు కోసుకుంటారు. అదే ఇంటి యజమాని రద్దు చేస్తే మన డబ్బు మొత్తం మనకి రావాలి, పైగా జరిమానా ఆయనకి పడుతుంది. నేను వాడింది అది కాదు గానీ, ఉదాహరణకి ఎయిర్‌బీఎన్‌బీలో చెక్-ఇన్‌కి 48 గంటల్లోపు యజమాని రద్దు చేస్తే బుకింగ్ మొత్తంలో 50 శాతం దాకా, అంతకుముందు 30 రోజుల్లోపైతే 25 శాతం జరిమానా, ఆ తేదీలు ఇంకొకరికి ఇవ్వకుండా క్యాలెండర్ కూడా మూసేస్తారు. అందుకే బటన్ మన చేత నొక్కిస్తారు. ఎవరైనా అలా ఫోన్ చేస్తే "చాట్‌లో రాయండి, రద్దు మీరే చేయండి" అని మర్యాదగా చెప్పి పెట్టేయండి. నిజంగా మోటార్ కాలినవాడు కూడా ఉంటాడు, కాదనను, కానీ అది యాప్‌తో ఆయన తేల్చుకోవాల్సిన గొడవ.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. కంపెనీ తానే ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీ తానూ భరించకపోతే, రద్దు చేసిన వినియోగదారుడి దగ్గర వసూలు చేయకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కానీ యాప్ వాళ్లు "మేం మధ్యవాళ్లమే" అంటారు, ఇంటాయన ఫోన్ ఎత్తడు. క్యాన్సిల్ నొక్కగానే ‘రద్దు చేయమని యజమాని అడిగారా?’ అని ఒక్క ప్రశ్న అడిగేలా ప్రభుత్వం ఈ యాప్‌లన్నిటికీ చెప్పలేదా? అది లేకే నాలాంటివాళ్లు బోల్తా పడుతున్నారు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అప్పుడు గానీ మిగతా 4,800 రాలేదు, అదీ రెండు నెలలకి. రైలు టికెట్ల డబ్బు మాత్రం పోయినట్టే. మా అత్తగారు ఇంకా సొరంగాల గురించి అడుగుతూనే ఉన్నారు.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం