తదితరుల్లో కలిసిపోతున్న పూర్వ విద్యార్థినులు

సంపాదకులు గారికి,
నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో మీ జిల్లా అనుబంధంలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల వార్తలు వరుసగా వచ్చాయి. గురువులకు శాలువాలు కప్పడం, చదివిన బడికి బెంచీలో మంచినీటి ప్లాంటో ఇవ్వడం మెచ్చుకోదగ్గ పనులే. అయితే ఆ వార్తల్లో బాలికోన్నత పాఠశాల పేరు నాకు ఒక్కటీ కనిపించలేదు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదివిన బడుల సమ్మేళనాల్లోనూ ఫొటో కింద మగవారి పేర్లు హోదాలతో సహా వేసి, పక్కన నిలబడ్డ మహిళలందరినీ ‘తదితరులు’ అన్న మాటలో సర్దేశారు. కోనసీమలోని ఒక బాలికోన్నత పాఠశాలలో చదివి, అక్కడే తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి పొందినదాన్ని కనుక ఈ సంగతి మీ దృష్టికి తెస్తున్నాను.

ఆడపిల్లల చదువు గోదావరి సీమకు కొత్త కాదు. 1874లోనే కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన పద్నాలుగేళ్ల దుర్గాబాయి కథను మన బడుల్లో ఏటా ఎవరో ఒకరు ఉపన్యాసంలో చెబుతూనే ఉంటారు. తరువాత రాజ్యాంగ సభలో కూర్చుని, 1958లో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించిన ఆమెను తలచుకోవడం న్యాయమే. కానీ ఎప్పుడూ ఆ ఒక్క పేరు దగ్గరే ఆగిపోతే పిల్లలకు అది పురాణ కథలా వినిపిస్తుంది. తాము కూర్చున్న గదిలోనే చదివి వెళ్లినవారు ఏమయ్యారో వారికి చెప్పేవారు లేరు.

చెప్పకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. పెళ్లితో ఇంటిపేరూ మారుతుంది, ఊరూ మారుతుంది. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు, రెండు పుట్టుమచ్చల గుర్తులు ఉంటాయి. టీసీ ఇచ్చిన తేదీతో ఆ వరుస ముగుస్తుంది. మా బడిలో 1986 ఆగస్టు వరదకు తడిసిన రిజిస్టర్లలో కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీయబోతే సిరా కూడా లేచి వచ్చేది. ప్రధానోపాధ్యాయిని గదిలో పదో తరగతి ప్రథముల పేర్లు రాసిన చెక్క బోర్డు నిండిపోయాక కొత్తది పెట్టలేదు. గేటుకు ఫ్లెక్సీ కడుతున్నారు. 600కు ఇన్ని మార్కులు అని ఫొటోతో వేసిన ఆ ఫ్లెక్సీ వానాకాలానికి ఎవరి పశువుల పాక మీదికో చేరుతుంది.

అసలు మార్కులొక్కటే ఘనత అనుకోవడమూ సరికాదు. మా దగ్గరకు లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలు వరద రోజుల్లో కాజ్‌వే మునిగితే పుస్తకాల సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టి నెత్తిన పెట్టుకుని పడవ ఎక్కేవారు. ఖోఖోలో వారిని మించినవారు లేకపోయినా, చీకటి పడకముందే రేవు దాటాలి కాబట్టి సాయంత్రం సాధనకు ఉండలేక జట్టు నుంచి తప్పుకొన్నదీ వారే. అలా చదివినవారిలో ఒకామె ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మరొకామె సర్పంచిగా చేసింది. ఇంకొకామె గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి, పంపిన డబ్బుతో ఇద్దరు చెల్లెళ్లను డిగ్రీ చదివించింది. ఈమెను వేదిక మీదికి పిలవడానికి మన సమ్మేళన కమిటీలు ఒప్పుకుంటాయా అన్నది నాకు అనుమానమే. నన్నడిగితే మొదట రాయవలసింది ఆమె పేరే.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లులు, మేనత్తలు, అమ్మమ్మలలో చాలామంది అదే బడిలో చదివినవారే. తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవి సెలవుల ప్రాజెక్టుగా ఈ పని అప్పగించి, తమ వీధిలోని పూర్వ విద్యార్థినుల బడినాటి ఇంటిపేరు, ఇప్పటి పేరు, చదివిన సంవత్సరాలు, ఆ తరువాత చేసిన పనులు రాసుకురమ్మనవచ్చు. చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మాత్రం తప్పక అడిగించాలి. ఉపాధ్యాయులుగా మేము అడగకుండా వదిలేసిన ప్రశ్న అదే. వద్దన్నవారి వివరాలు రాయకూడదని పిల్లలకు ముందే చెప్పాలి.

మీ విలేకరులు కూడా మహిళల పేర్లను పుట్టింటి, అత్తింటి ఇంటిపేర్లు రెండూ కలిపి ప్రచురిస్తే, పాత స్నేహితురాళ్లు పత్రికలో చూసి ఒకరినొకరు గుర్తుపట్టగలుగుతారు. జిల్లాలోని బాలికోన్నత పాఠశాలల పూర్వ విద్యార్థినుల కోసం, వారానికి ఒక బడి చొప్పున, మీ అనుబంధంలో పావు పేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
అమలాపురం