రామం మావయ్య మాత్ర సంగతి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం. ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. నాన్నగారి షుగరు పర్వాలేదు. కాయ ధర వినలేకపోయినా ఆవకాయ పెట్టేశాను, నీ వాటా వేరే తీసి ఉంచాను. మొన్న శారదత్త వచ్చి, నువ్వు వంశీ దగ్గర చేబదులు తీసుకున్నావంది. ఆవిడ మాటలు తెలిసినవేగా, నేను పట్టించుకోలేదు. ఐపీఎల్ మొదలైన దగ్గర్నుంచీ నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది, అంతే.

రామం మావయ్య కులాసా. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఆ కథ నీకు సగమే తెలుసు. కుడిచెయ్యి వణుకు పార్కిన్సన్స్ అని తేలాక డాక్టరుగారు ప్రమిపెక్సోల్ అనే మాత్ర రాశారు. వణుకు తగ్గింది. మళ్ళీ మిర్చియార్డుకెళ్ళి బస్తాలో చెయ్యిపెట్టి కాయ విరిచి చూడటం మొదలెట్టాడు. అందరం సంతోషించాం. దీపావళికి కూడా పేక ముట్టని మనిషా, అర్ధరాత్రి దుప్పట్లో దూరి ఫోన్లో రమ్మీ! బీరువాలో బనీన్ల అడుగున, నాలుగు మడతలు పెట్టిన తాకట్టు రసీదు అత్తయ్యకి దొరికింది. ఆవిడ చంద్రహారం. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మావయ్య గోడవైపు తిరిగి కూర్చుని ‘నాకే తెలియట్లేదే’ అంటాడు. చుట్టాలు తలోమాటా అన్నారు. డాక్టరుగారు మాత్రం సంగతి వినగానే మోతాదు ఎంతని అడిగారు. ఒక్కసారి ఆపకుండా మెల్లగా తగ్గించుకొచ్చారు. రమ్మీ యావ కూడా దాంతోనే పోయింది.

ఇదంతా నేను క్లాసులో బోర్డు మీద గీసిందే. మావయ్య మాత్ర మెదడులో డోపమైన్ అనే రసాయనం బదులు పనిచేస్తుంది. డోపమైన్ న్యూరాన్‌ని, అంటే మెదడు కణాన్ని, తానై ఫైర్ చెయ్యదు, అది ఎంత తేలిగ్గా ఫైర్ అవుతుందో మారుస్తుంది. కణం మీద డోపమైన్‌ని అందుకునే రిసెప్టర్లు డీ1 నుంచి డీ5 దాకా. మెదడు లోపల కదలికలూ అలవాట్లూ చూసే స్ట్రయేటమ్‌లో డీ1 ఉన్న కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువు పెరుగుతుంది, కాల్షియం లోపలికొచ్చే ఛానళ్ళు ఇంకాస్త తెరుచుకుంటాయి. మెదడు పైపొర కార్టెక్స్ నుంచి గట్టి కబురు వచ్చిందా, ఆ కణం ఎక్కువసేపు ఫైర్ అవుతుంది. పక్కనే డీ2 ఉన్న కణాన్ని అదే డోపమైన్ నోరు నొక్కేస్తుంది. డోపమైన్ తయారుచేసే కణాల మీదా డీ2 ఉంటుంది, అది పొటాషియం ఛానళ్ళు తెరిచి వాటినే చల్లబరుస్తుంది. మావయ్య మాత్రకి డీ3 అంటే మరీ మక్కువ. ఆ డీ3 కోరికల వ్యవహారం చూసే న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో ఎక్కువ. మామూలుగా ఓడినప్పుడు డోపమైన్ పడిపోయి ‘ఇక చాలు’ అనిపించాలి. మాత్ర రోజంతా రిసెప్టర్‌ని పట్టుక్కూర్చుంటే ఆ పడటం తెలియదంటారు.

మాత్రలు వేసుకోనివాళ్ళ సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. 2003లో వుల్ఫ్రమ్ షుల్ట్స్ అనే మెదడు శాస్త్రవేత్త వాళ్ళు కోతుల మీద చూశారు. పళ్ళరసం వస్తుందో రాదో సగానికి సగం అన్నప్పుడే, ఎదురుచూసే ఆ కాస్త సేపట్లో డోపమైన్ కణాల జోరు బాగా పెరిగింది. తప్పకుండా వస్తుందని తెలిసినప్పుడు ఆ పెరుగుదల లేదు. ఆఖరి ఓవరు మీద పందెం కాయించేవాడికి ఇది నాకన్నా బాగా తెలుసు. నీకెందుకు చెప్తున్నానంటే, ఊరికే, పాత నోట్సు కంటబడింది.

రాత్రుళ్ళు మేలుకోకు. ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా స్ట్రయేటమ్‌లో డీ2 రిసెప్టర్లు తక్కువగా కనబడతాయి, స్కాన్లలో చూసిందే ఇది. మజ్జిగ తాగు. క్యాంటీన్ నూనె తినకు. ఆవకాయ శనివారం హైదరాబాద్ బస్సులో వేయిస్తాను, జాడీలో తడి గరిటె పెట్టావంటే ఊరుకోను.

వంశీకి ఎంత ఇవ్వాలో రాయి. యాప్‌లో పోయింది కూడా కలిపి అంకె రాయి, తగ్గించకు. నాన్నగారితో నేను మాట్లాడతాను. ఉగాది ఫోటోలో నీ మెళ్ళో తాతయ్య గొలుసు కనబడలేదు. తాకట్టులో ఉంటే ఆ రసీదు పారెయ్యకు.

అమ్మ