చెట్టెక్కే మనిషి నడుముకు కొబ్బరితాడు చాలదు: పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

విశాఖపట్నం నుంచి నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

నేను ఈ నగరంలో పదహారేళ్లుగా చెట్ల కొమ్మలు కోసే పని చేస్తున్నాను. మా నాన్నగారు భీమునిపట్నం వైపు తాటిచెట్లు గీసేవారు కావడం వల్ల, మోకు వేసుకుని చెట్టెక్కడం నాకు చిన్నతనంలోనే అబ్బింది. అయితే కొమ్మల్లేని తాటిచెట్టు ఎక్కడం వేరు, నాలుగు వైపులా బరువు పంచుకుని నిలబడిన తురాయి, నిద్రగన్నేరు వంటి చెట్టెక్కి అక్కడ కూర్చుని రంపం నడపడం వేరు. ఆ తేడాను మా జట్టులోని ఒక కుర్రవాడి తుంటి విరిగాక గానీ నేను సరిగ్గా గ్రహించలేదు.

అది ఒక వేసవి ఉదయం. ఒక కాలనీలో కరెంటు తీగల మీదికి వాలిన తురాయి కొమ్మలు తీసే పనిని ఒక కాంట్రాక్టరు మాకు అప్పగించారు. ఆ కుర్రవాడు నడుముకు కొబ్బరితాడు చుట్టుకుని, ఇరవై అడుగుల ఎత్తున మానుకు ఆనుకుని కూర్చుని, తొడంత లావున్న కొమ్మను పైనుంచి ఒకే గాటుగా కోస్తున్నాడు. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకు తానే విరిగింది. విరిగింది గానీ ఊడిపడలేదు. కింది బెరడును మాను పొడవునా చీల్చుకుంటూ వేలాడి, ఊగి వచ్చి అతని మోకాళ్లను కొట్టింది. తాడు తెగలేదు, ముడి జారింది. అతని తుంటి ఎముక విరిగి, ఆరు నెలలు మంచానికే పరిమితమయ్యాడు. ఆ చెట్టు వైపు వెళ్లినప్పుడల్లా నేను ఆగి చూస్తాను. కొమ్మ చీలినచోట ఆరడుగుల పొడవున బెరడు లేదు; రెండు వర్షాకాలాలు గడిచేసరికి అక్కడ గోధుమరంగు పుట్టగొడుగులు అరల్లా లేచాయి, అంటే లోపల కర్ర కుళ్లుతోందన్న మాట. మనిషికీ చెట్టుకూ దెబ్బ తగిలింది ఒక్క కోతతోనే. ఈ రెండు నష్టాలనూ వేర్వేరు శాఖల సమస్యలుగా చూడవద్దని ప్రార్థించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ కొమ్మను మూడు కోతల్లో తీయవలసింది. మొదట, మాను నుంచి అడుగు దూరంలో, కొమ్మ కింది వైపు నుంచి దాని మందంలో మూడో వంతు లోతుకు గాటు పెట్టాలి. తరువాత ఆ గాటుకు కొంచెం అవతల పైనుంచి కోయాలి. అప్పుడు బరువుకు కొమ్మ విరిగినా చీలిక కింది గాటు దగ్గరే ఆగిపోతుంది తప్ప మాను మీదికి పాకదు. బరువంతా దిగిపోయాక, మిగిలిన అడుగు ముక్కను తీసేది మూడో కోత. అసలు పనితనం తెలిసేది అక్కడే. కొమ్మ మానును కలిసేచోట బెరడు ముడతలు పడి, మెడలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు చెక్కుచెదరకుండా దానికి సరిగ్గా బయట కోస్తే, చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా లేచి కొన్నేళ్లకు గాయాన్ని మూసేస్తుంది. నున్నగా కనిపించాలని మానుకు సమంగా చెక్కితే ఆ ఉబ్బు పోయి గాయం రెట్టింపవుతుంది. జానెడు మోడు వదిలేస్తే అది ఎండి, దాని గుండా కుళ్లు లోపలికి దిగుతుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువుగా కోసి పరిశీలించి, చెట్టు తన గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదనీ, కుళ్లు చుట్టూ గోడలు కట్టి దాన్ని ఒకచోట బంధిస్తుందనీ 1977 నాటికే వివరించారు. కొమ్మ మొదట్లోని ఉబ్బు ఆ గోడకు పునాది. కోతకు తారు పూసినంత మాత్రాన కుళ్లు ఆగదు.

ఇక మనిషి సంగతి. చెట్ల వైద్యం వృత్తిగా ఎదిగిన దేశాల్లో చెట్టెక్కేవాడు ముందు చెట్టును ముట్టుకోడు, తాడును పంపిస్తాడు. మూడు నాలుగు వందల గ్రాముల బరువున్న చిన్న సంచిని సన్నని దారానికి కట్టి, బలమైన కొమ్మ పంగ మీదుగా విసురుతారు. ఆ దారంతో అసలు తాడును పైకి లాగుతారు. దాని మందం 12 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, రెండు టన్నులకు పైగా బరువు తట్టుకుంటుంది. తాడు రాపిడికి బెరడు తెగకుండా కొమ్మ మీద పట్టీ వేసి, దాని రింగుల గుండా తాడును పోనిస్తారు. తొడలకూ నడుముకూ పట్టే హార్నెస్ మనిషి బరువు మోస్తుంది. లాగితే బిగిసి, చేత్తో తోస్తే జారే ముడి అతన్ని కావలసినచోట నిలుపుతుంది. 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ చూపిన ఆ ముడిని మా నాన్నగారి తరం చూసి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవోనని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. రంపం మిషన్ మొదలుపెట్టే ముందు, లోపల ఉక్కుతీగ ఉన్న రెండో తాడును మాను చుట్టూ తప్పనిసరిగా వేసుకుంటారు; ఎందుకంటే ఒక తాడును పొరపాటున తానే కోసుకున్నా రెండోది పట్టుకుంటుంది. రంపాన్ని ఒంటిచేత్తో పట్టరు. శిరస్త్రాణం, కళ్లకూ చెవులకూ రక్షణ, గొలుసు తగిలితే పోగులు చుట్టుకుని మిషన్‌ను ఆపేసే ప్రత్యేకమైన ప్యాంటు ధరిస్తారు. మే నెల విశాఖ ఉక్కపోతలో ఆ ప్యాంటు మోయడం కష్టమే, అది నాకు అనుభవమే. ముందు భాగంలో మాత్రమే రక్షణ పొర ఉన్నవి కొంత తేలికగా ఉంటాయి. మన వాతావరణానికి వాటినే ఎంచుకోవచ్చు.

మరొక మాట. కొందరు కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని పచ్చని చెట్లెక్కుతున్నారు. ప్రతి అడుగుకూ ఒక ముల్లు బెరడును దాటి జీవపొరలోకి దిగుతుంది. వాటిని నరికివేయబోయే చెట్టు మీద మాత్రమే వాడాలి.

ఇళ్ల మధ్య కోసిన కొమ్మను జారవిడవకూడదు, దింపాలి. పైన కప్పీ, మాను మొదట్లో తాడును నాలుగు చుట్లు చుట్టే ఇనుప డ్రమ్ము ఉంటే, కింద ఒక్క మనిషి వంద కిలోల కొమ్మను పసిబిడ్డను దించినంత నెమ్మదిగా దించగలడు. కింద మనిషి పని కేవలం ఆకులు ఊడ్చడం కాదు. పైవాడు స్పృహ తప్పి హార్నెస్‌లో కదలకుండా వేలాడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఎక్కి దింపగల రెండో మనిషి, రెండో తాడు సిద్ధంగా ఉండాలి. తీగల దగ్గరైతే లైన్ క్లియర్ కాగితం, అంటే కరెంటు ఆపేశామని విద్యుత్ సిబ్బంది రాసిచ్చే పత్రం, చేతికి వచ్చేవరకు నిచ్చెన వేయకూడదు. నోటిమాటగా తీసేశామన్న సరఫరా మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, తడి కొమ్మ కరెంటును మోసుకొస్తుంది. బీచ్ రోడ్డు లాంటి వెడల్పు దారుల్లో మనిషిని పైకి లేపే బకెట్ ఉన్న లారీయే మేలు. వన్ టౌన్ సందుల్లోకి, కొండవాలు కాలనీల్లోకి ఆ లారీ రాదు. అక్కడ తాడే గతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద విరుచుకుపడిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మరునాడు మేము గొడ్డళ్లతో వీధుల్లోకి దిగాం. పడిన చెట్టు విల్లులా వంగి ఉంటుంది. ఒక వైపు నొక్కుకుని, మరో వైపు సాగి ఉంటుంది. నొక్కుకున్న వైపు చిన్న గాటు పెట్టి, ఆ తరువాతే సాగిన వైపు కోయాలి. అది తెలియక సాగిన వైపు నేరుగా వేటు వేస్తే కొమ్మ కొరడాలా లేచి వస్తుంది. మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నా భుజానికి తగిలిన దెబ్బ చలికాలంలో ఇప్పటికీ నొప్పి పెడుతుంది.

తుపాను భయంతో ఆ తరువాత చాలాచోట్ల చెట్ల తలలు నరికించారు. ఆ భయాన్ని అర్థం చేసుకోగలను, మందు మాత్రం తప్పు. తల తీసేసిన మాను నుంచి పుట్టే చిగుళ్లు గుబురుగా, వేగంగా పెరుగుతాయి, కానీ అవి పైపొరకు అతుక్కుని ఉంటాయే తప్ప కర్ర లోతుల్లోంచి వచ్చినవి కావు. నాలుగేళ్లకు చేతి లావై, తరువాతి గాలికి మొదట విరిగేవి అవే. తీగల వైపు కొమ్మలు మాత్రమే తీస్తే బరువంతా రెండో వైపు ఒరుగుతుంది. కాలువ కోసమో కేబుల్ కోసమో మాను మొదట్లో కందకం తవ్వి వేళ్లు నరికితే, పైన ఎంత కోసినా ఆ చెట్టు నిలవదు.

ఇదంతా తెలిసినవారు కూడా ఎందుకు చేయరంటే, కూలి లెక్క అలా ఉంది. నేను చేసిన పనుల్లో ఎక్కువ వాటికి డబ్బు ట్రాక్టర్ లోడుకు ఇంత అని ఇచ్చారు. ఎంత కోస్తే అంత కూలి అయినప్పుడు, నాలుగో వంతు పచ్చదనానికి మించి తీయకూడదన్న నియమం ఎవరికి గిట్టుతుంది? అందరికన్నా తక్కువకు టెండరు వేసినవాడు మొదట తగ్గించేది హార్నెస్ ఖర్చే. నేను చూసిన పని ఉత్తర్వుల్లో ఎన్ని చెట్లో అంకె ఉంటుంది, కోత ఎలా ఉండాలో ఉండదు.

కాబట్టి నా విన్నపం ఇది. చెట్ల పనికి ఇచ్చే ప్రతి టెండరులో భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 ప్రకారం హార్నెస్, ఐఎస్ 2925 ప్రకారం శిరస్త్రాణం, రెండో తాడు, రాతపూర్వకమైన లైన్ క్లియర్, మూడు కోతల పద్ధతి తప్పనిసరి షరతులుగా చేర్చండి. పరికరాల ఖర్చును ధరల పట్టికలో విడిగా చూపించి, దాన్ని కోట్ చేయడంలో పోటీ లేకుండా చేయండి. కూలిని లోడు మీద కాక, ముందుగా చూసి రాసిన ఒక్కో చెట్టు పని మీద లెక్కగట్టండి. విశాఖపట్నంలో ఒక శిక్షణ శిబిరం పెట్టించండి. ఎత్తుకు భయపడని గీత కార్మికుల కుటుంబాల యువకులు ఈ చుట్టుపక్కల మండలాల్లో ఉన్నారు, వారికి కావలసింది సరైన తాడు, నేర్పే గురువు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో చెట్టెక్కే రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రంలో తాటిచెట్టు ఎక్కేవారికి సాధ్యమైనది, మన నగరంలో వీధిచెట్టు ఎక్కేవారికి ఎందుకు సాధ్యం కాదు?

తుపానుల కాలం అక్టోబరులో మొదలవుతుంది. ఈ షరతులు సెప్టెంబరు లోపు వస్తే ఈ ఏడాది పనికే అక్కరకొస్తాయి. మీరు విశాఖ వచ్చినప్పుడు ఒక గంట సమయం ఇస్తే, మీరు చూపిన ఏ చెట్టు కిందనైనా నా తాళ్లూ రంపమూ పరిచి, సంచి విసరడం నుంచి చివరి కోత దాకా మీ కళ్లముందే చేసి చూపిస్తాను. ఆ కుర్రవాడు కూడా వస్తానన్నాడు. ఇప్పుడు చెట్టెక్కలేడు కానీ, కింద తాడు పట్టుకుంటాడు.

భవదీయుడు,
చెట్ల పని చేసే ఒక కార్మికుడు,
విశాఖపట్నం.