మొదటి మూడేళ్ళ భారం రైతు ఒక్కడే మోయాలా? కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

అనంతపురం జిల్లాలో వానను నమ్ముకుని, రసాయన ఎరువులు లేని ప్రకృతి సేద్యంతో నాలుగెకరాలు సాగు చేసుకుంటున్న కుటుంబం మాది. 2024 నవంబరులో బాకూలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో, అభివృద్ధి చెందుతున్న దేశాలకు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్ల వాతావరణ నిధి సమకూర్చాలని తీర్మానించినప్పుడు, అది ఏ మూలకూ చాలదని మన దేశం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ మాట న్యాయమైనదే. అయితే ప్రకృతి సేద్యానికి మారే రైతును ఆదుకోవడానికి, ఆ డబ్బు వచ్చేదాకా ఎదురుచూడనక్కర లేని దారి ఒకటి మన ఖజానాలోనే ఉందని, అది మా చేల గట్టు దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతోందని మీకు విన్నవించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

తొలకరికి ముందే, మే నెలలో, మేము నవధాన్యాలు వేస్తాం. జొన్న, సజ్జ, అలసంద, పెసర, కంది, ఆముదం విత్తనాలకు ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపి చేసే బీజామృతం పట్టించి, జల్లించిన బంకమట్టినీ బూడిదనూ పొరలు పొరలుగా అద్ది, గుళికలు చేసి పొడిదుక్కిలో చల్లి, పైన వేరుశనగ పొట్టు కప్పుతాం. ఒక్క చిన్న జల్లు పడితే చాలు, పొట్టును తోసుకుని మొలకలు లేస్తాయి. పక్క చేలల్లో ఎర్రదుమ్ము లేస్తున్న రోజుల్లో మా చేలో పొట్టు పక్కకు తీసి చూస్తే మన్ను చల్లగా, చెమ్మగా తగులుతుంది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టి, రైతు సాధికార సంస్థ ద్వారా, మహిళా సంఘాల అండతో నడిపిస్తున్న ఈ ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం కూడా దక్కింది.

మరి అందరూ ఎందుకు మారడం లేదు? ఎరువులకు అలవాటుపడిన నేల కోలుకునే మొదటి రెండు మూడేళ్ళలో దిగుబడి తగ్గే ప్రమాదం ఉంటుంది, పని మాత్రం పెరుగుతుంది. మా పొరుగున ఉన్న కౌలు రైతు ఒకరు ఆ మొదటి ఏడాదే అప్పు కోసం బ్యాంకుకు వెళితే పట్టాదారు పాసుపుస్తకం లేదని తిప్పి పంపారు. కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కుల కార్డుకు (సీసీఆర్సీ) 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం కావాలి; ఆ సంతకం ఆయనకు దొరకలేదు. మరుసటి ఏడాది ఆయన మళ్ళీ యూరియా బస్తా దగ్గరికే వెళ్ళారు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ 45 కిలోల బస్తాకు రైతు ఇచ్చేది 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చులో మిగిలిన పెద్ద భాగాన్ని సబ్సిడీగా కేంద్ర ప్రభుత్వం భరిస్తోంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ 2.5 లక్షల కోట్ల రూపాయలకు చేరగా, 2024 నవంబరులో ఆమోదం పొందిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు మొత్తం కేటాయింపు 2,481 కోట్లు, అంటే అందులో సుమారు నూరో వంతు. పైగా చేలో వేసిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలుస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు బలమైనది.

రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, అలా ఆదా అయిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామని 2023లో పీఎం ప్రణామ్ పథకంలో మీ ప్రభుత్వమే చెప్పింది. ఆ సొమ్ములో నిర్ణీత భాగాన్ని, మారుతున్న రైతుకు ఎకరా లెక్కన మూడేళ్ళ పాటు నేరుగా చెల్లించేలా నిబంధన పెట్టండి. 2023 జనవరి నుంచి పర్యావరణ పనులకు అప్పు తెచ్చేందుకు మీరు జారీ చేస్తున్న సార్వభౌమ హరిత బాండ్ల నియమావళిలో భూ వినియోగం, వాతావరణ మార్పుకు తట్టుకునే పనులు రెండూ ఉన్నాయి, సబ్సిడీలూ గ్రాంట్లూ అర్హమైన ఖర్చులేనని కూడా ఉంది. విద్యుత్ రైలింజన్లకూ మెట్రోలకూ వెళ్ళిన ఆ నిధి మెట్ట చేలకు ఎందుకు రాకూడదు? కర్బన ఉద్గారాలు తగ్గించినందుకు అమ్ముకోగలిగే కార్బన్ క్రెడిట్లే దిక్కని మాత్రం మాకు చెప్పకండి. కొలతలూ ధ్రువీకరణలూ ముగిసి ఆ డబ్బు చేతికొచ్చేసరికి, కష్టమైన ఏళ్ళు గడిచిపోతాయి.

కౌలు రైతుకు యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామంలోని మహిళా సంఘం ధ్రువీకరణ మీద ఈ సాయం అందాలి. అది ఏ ఏడాదికా ఏడాది ఏప్రిల్ ముగిసేలోగా చేతికి రావాలి, ఎందుకంటే మేము గుళికలు చుట్టేది మే నెలలో.

భవదీయ,
అనంతపురం జిల్లా మెట్ట రైతు